ముందు బడి, తర్వాతే ఇల్లు: పిల్లలతో హైదరాబాద్ శివార్లకు మారుతున్నవారికి

హైదరాబాద్‌కు బదిలీ అయిందనగానే చాలా కుటుంబాలు ఆఫీసుకు దగ్గర్లో అద్దె ఇల్లు వెతకడంతో మొదలుపెడతాయి. అడ్వాన్స్ ఇచ్చి, సామాను దించి, పాలవాణ్ణి మాట్లాడుకున్నాక పిల్లల బడి సంగతి ఎత్తుతారు. నేను ఈ వరుసను పూర్తిగా తిరగేయమంటాను. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే మొదట బడి, తర్వాత ఇల్లు, ఆఖరున ఆఫీసు. ఇంత పెద్ద నగరంలో ఇంటికి ఒక్కరైనా రోజూ దూరం వెళ్లక తప్పదు. ఆ దూరం పెద్దవాళ్ల వంతుకు రావాలి గానీ పిల్లల వంతుకు రాకూడదు.

లింగంపల్లి వైపు ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో నేను లెక్కలు చెబుతాను. ఏటా జూన్‌లోనూ దసరా సెలవుల తర్వాతా మా తరగతుల్లోకి విశాఖ నుంచి, బెంగళూరు నుంచి, పుణె నుంచి కొత్త పిల్లలు వచ్చి చేరుతుంటారు. మొదటి పీరియడ్‌లో కళ్లు మూతలు పడుతున్న పిల్లవాణ్ణి పక్కకు పిలిచి “బస్సు ఎన్నింటికి ఎక్కుతావు నాన్నా?” అని అడిగితే సంగతి తెలిసిపోతుంది. రూటులో మొదటి స్టాపు వాడిదే అయి ఉంటుంది. ఉదయం మొదట ఎక్కినవాడు సాయంత్రం చివర దిగుతాడు, ఎందుకంటే బస్సు దగ్గరి పిల్లల్ని దించుకుంటూ దూరానికి వెళుతుంది. అంటే రెండు పూటలా ఎక్కువసేపు బస్సులో కూర్చునేది ఆ పిల్లవాడే. వాడికి భిన్నాలు రావడం లేదని తల్లిదండ్రులు ట్యూషన్ పెట్టిస్తారు. వాడికి కావలసింది నిద్ర.

అందుకని బడి చూడటానికి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గదిలోంచి బయటికి వచ్చాక, రవాణా వ్యవహారాలు చూసే ఉద్యోగి ఎక్కడ కూర్చుంటారో కనుక్కుని ఆయన దగ్గర కాసేపు గడపండి. ఆయన దగ్గర ప్రతి రూటుకూ ఒక కాగితం ఉంటుంది: బస్సు నంబరు, స్టాపుల వరుస, ఒక్కో స్టాపుకు వచ్చే సమయం. మీరు అనుకుంటున్న కాలనీ ఆ వరుసలో ఎన్నోది, ఉదయం ఎన్నింటికి, సాయంత్రం ఎన్నింటికి అని అడిగి రాసుకోండి. అయిదో తరగతి లోపు పిల్లలకు బస్సులో ఒకవైపు పాతిక నిమిషాలు దాటకూడదని, హైస్కూలు పిల్లలకు నలభై నిమిషాలు దాటకూడదని నా అభిప్రాయం. ఇది ఏ ప్రభుత్వమూ పెట్టిన హద్దు కాదు, తరగతిలో పిల్లల ముఖాలు చూసి నేను పెట్టుకున్నది. ఆ సమయం కాగితం మీద ఉన్నదా, రోడ్డు మీద ఉన్నదా తేల్చుకోవాలంటే ఒక సోమవారం ఉదయం ఆ స్టాపులో నిలబడండి. అక్కడ పిల్లల్ని ఎక్కించే తల్లులు వర్షం పడిన రోజున బస్సు ఎంత ఆలస్యమవుతుందో దాచుకోకుండా చెబుతారు.

అక్కడే ఇంకో పని కూడా అయిపోతుంది. బస్సు రిజిస్ట్రేషన్ నంబరును ఫోనులో ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఫిట్‌నెస్ ఎప్పటివరకు ఉందో, బీమా నడుస్తోందో లేదో కనిపిస్తుంది. బస్సులో డ్రైవరు కాక ఆయా ఉందా, చిన్నపిల్లల్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తుందా అన్నది కళ్లతో చూడవలసిన విషయం.

బడికి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఇల్లు దొరికితే, అద్దె నెలకు రెండు మూడు వేలు ఎక్కువైనా అదే తీసుకోమంటాను. బస్సు ఫీజు మిగులుతుంది, పిల్లలకు గంటకు పైగా ఆటకు మిగులుతుంది. కాకపోతే ఆ దారిని మీరు ఒకసారి నడిచి చూడాలి. కొండాపూర్, మణికొండ లాంటి చోట్ల అర కిలోమీటరు దూరంలోని బడికి కూడా కాలిబాట లేని రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్ల పక్కనుంచి నడవాల్సి వస్తుంది. ఔటర్ రింగు రోడ్డు సర్వీసు రోడ్డును దాటవలసిన దారి అయితే పదో తరగతి పిల్లల్ని కూడా ఒంటరిగా పంపకండి.

బడిని నిర్ణయించుకోవడం

సీబీఎస్‌ఈ బడి అయితే గుర్తింపు ఉందో లేదో చూడటం మొదటి పని. ‘సీబీఎస్‌ఈ సిలబస్ చెబుతాం’ అని బోర్డు పెట్టినంత మాత్రాన గుర్తింపు ఉన్నట్టు కాదు. కొత్త శాఖలు తెరిచిన చోట ఈ జాగ్రత్త మరీ అవసరం, లేకపోతే తొమ్మిదో తరగతికి వచ్చాక పిల్లల పేర్లు ఇంకెక్కడో వేరే బడి పేరు మీద నమోదవుతాయి. సీబీఎస్‌ఈ వారి ‘సారస్’ పోర్టల్‌లో గుర్తింపు సంఖ్య దొరుకుతుంది. గుర్తింపు పొందిన ప్రతి బడీ తన వెబ్‌సైట్‌లో కొన్ని పత్రాలను తప్పనిసరిగా బయట పెట్టాలి. అగ్నిమాపక ధ్రువపత్రం, భవన భద్రత, తాగునీరు, పారిశుద్ధ్యం, ఫీజుల వివరాలు, ఉపాధ్యాయుల సంఖ్య, గత మూడేళ్ల ఫలితాలు అన్నీ అందులో ఉంటాయి. రంగుల బ్రోచర్ పక్కన పెట్టి ఆ పేజీ చదవండి. ధ్రువపత్రాల గడువు తేదీలు చూడండి. నేను ఇంకొకటి కూడా అడగమంటాను: మా అబ్బాయి చేరబోయే తరగతికి లెక్కలు చెప్పే ఉపాధ్యాయులు ఈ బడిలో ఎన్నేళ్లుగా ఉన్నారు? ఏటా టీచర్లు మారిపోయే బడిలో ఎంత పెద్ద భవనం ఉన్నా పిల్లల్ని ఎరిగినవాళ్లు మిగలరు.

తేదీలు కూడా ముఖ్యమే. తెలంగాణలో రాష్ట్ర సిలబస్ బడులు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. సీబీఎస్‌ఈ బడుల్లో చాలావరకు మార్చి నెలాఖరులోనో ఏప్రిల్‌లోనో కొత్త తరగతి మొదలుపెట్టి, వేసవి సెలవులిచ్చి, జూన్‌లో కొనసాగిస్తాయి. జూన్‌లో తీరిగ్గా వద్దామనుకునేవారికి అప్పటికే కొన్ని పాఠాలు అయిపోయి ఉంటాయి. మంచి పేరున్న బడుల్లో సీట్లు అంతకు ముందే, చలికాలంలోనే నిండుతాయి.

పదో తరగతి, పన్నెండో తరగతి ముంగిట్లో ఉన్న పిల్లల్ని వీలైనంతవరకు కదపకండి. సీబీఎస్‌ఈలో తొమ్మిదిలోనూ పదకొండులోనూ పిల్లల పేర్లు బోర్డు దగ్గర నమోదవుతాయి. ఆ తర్వాత బడి మార్చాలంటే తల్లిదండ్రుల బదిలీ వంటి కారణం చూపి బోర్డు అనుమతి తీసుకోవాలి. బోర్డు అనుమతి ఇచ్చినా పిల్లలకు అది భారమే. ఒక్క ఏడాది తల్లి గానీ అమ్మమ్మ గానీ పాత ఊళ్లో తోడుండగలిగితే పరీక్షలు అక్కడే రాయించడం మేలు.

తెలుగు సంగతి చాలామంది చివర్లో తెలుసుకుని కంగారు పడతారు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడులతో సహా అన్ని బడుల్లోనూ తెలుగు నేర్పాలి. బెంగళూరులోనో ముంబయిలోనో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ అక్షరాలు రాని పిల్లలు మన కుటుంబాల్లోనే ఎందరో. తెలుగు మాతృభాష కానివారి కోసం ‘వెన్నెల’ అనే సులభ వాచకం ఉంది. బడి ఏ వాచకం వాడుతోందో, మధ్యలో చేరిన పిల్లలకు విడిగా నేర్పుతారో లేదో అడగండి. ఆ వేసవి రెండు నెలలూ ఇంట్లో గుణింతాలు రాయించి తీసుకురండి. పిల్లలు మీరు అనుకున్నదానికన్నా త్వరగా అందుకుంటారు.

ఊరు వదిలే ముందు పాత బడిలో టీసీ, బోనఫైడ్ తీసుకోవడం ఎవరికైనా గుర్తుంటుంది. గుర్తుండనివి రెండు. వేరే రాష్ట్రం నుంచి వచ్చే టీసీ మీద అక్కడి జిల్లా విద్యాధికారి సంతకం అడిగే బడులు ఉంటాయి. ఆ సంతకం కోసం మళ్లీ రైలెక్కి వెనక్కి వెళ్లడం కంటే ముందే చేయించుకోవడం సులువు. రెండోది, యూడైస్ ప్లస్ అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదులో పిల్లల పేరును పాత బడి విడుదల చేయాలి. అది చేయకపోతే కొత్త బడి పేరు ఎక్కించుకోలేక ఆగిపోతుంది. టీసీ చేతికి తీసుకున్న రోజునే కౌంటర్ దగ్గర నిలబడి ఆ పని కూడా చేయించుకోండి.

స్థానికత

ఇల్లు చూపించేవారు ఎవరూ చెప్పని విషయం ఇది. వైద్య విద్యలో రాష్ట్ర కోటా సీట్లకు స్థానికులు కావాలంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలని 2024లో నిబంధన తెచ్చారు. 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ప్రభుత్వోద్యోగుల బదిలీల వంటి కొన్ని సందర్భాలకు మినహాయింపులున్నాయి. ఎనిమిదో తరగతి పూర్తవుతున్న పిల్లలుంటే, డాక్టరు చదువు ఆలోచన ఏ మూలనైనా ఉంటే, తొమ్మిదికి ముందే రావాలా వద్దా అన్నది కుటుంబమంతా కూర్చుని తేల్చుకోండి.

రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల విషయంలో లెక్క వేరు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా స్థానికత వస్తుంది. హైదరాబాద్ శివార్లు ఒకే జిల్లా కాదు. చందానగర్, నల్లగండ్ల రంగారెడ్డి జిల్లాలోకి వస్తే, కాస్త అవతల ఉన్న తెల్లాపూర్, అమీన్‌పూర్ సంగారెడ్డి జిల్లాలోకి వస్తాయి. బాచుపల్లి, కొంపల్లి, బోడుప్పల్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. దీన్ని బట్టే ఇల్లు ఎంచుకోమనడం లేదు. ఏటా బోనఫైడ్ తీసుకుని ఒక ఫైలులో భద్రపరచండి, పదిహేనేళ్ల తర్వాత దాని విలువ తెలుస్తుంది.

ఏ దిక్కు వెళ్లాలి

ఆఫీసు మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో ఉన్నవారు సహజంగా పడమటి వైపే చూస్తారు. కొండాపూర్‌లో అద్దెలు ఎక్కువ. కోకాపేట, నార్సింగి ఇంకా కట్టుబడి దశలోనే ఉన్నాయి, ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆ దుమ్ము మంచిది కాదు. నా మొగ్గు చందానగర్, లింగంపల్లి, నల్లగండ్ల వైపు. లింగంపల్లి నుంచి ఎంఎంటీఎస్ రైళ్లు సికింద్రాబాద్, నాంపల్లి, ఫలక్‌నుమా వైపు వెళతాయి. మా వారి ఆఫీసు సికింద్రాబాద్‌లో. ఆయన చందానగర్ స్టేషన్‌లో ఎక్కుతారు, నేనూ పిల్లలూ బడికి నడిచి వెళతాం. దూరం పెద్దవాళ్లు మోయడమంటే మా ఇంట్లో ఇదీ.

మియాపూర్, కూకట్‌పల్లిల్లో మెట్రో ఉంది. అమీర్‌పేటలో మారితే రాయదుర్గం చేరవచ్చు. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్‌లలో బడులు ఎక్కువ, అద్దె తక్కువ. కానీ అక్కడ రెండు పరీక్షలు పెట్టాలి. ఒకటి రోడ్డు: బడి బస్సులన్నీ ఒకేసారి రోడ్డెక్కే ఉదయం ఎనిమిది ప్రాంతంలో వెళ్లి చూడండి. రెండోది వాసన: బొల్లారం, జీడిమెట్ల పారిశ్రామికవాడల నుంచి రసాయనాల వాసన రాత్రిపూట ఈ కాలనీల మీదికి వస్తుందని అక్కడివారు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. పగలు ఇల్లు చూసి వచ్చినవారికి అది తెలియదు. రాత్రి పది దాటాక, గాలి నిలిచి ఉన్న చలికాలపు రోజున వెళ్లి కిటికీ తెరిచి కాసేపు నిలబడండి. ఈశాన్యంలో దమ్మాయిగూడ, నాగారం, కాప్రా వైపు ఇల్లు చూసేవారు కూడా ఇదే పని చేయాలి, అక్కడ జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డు ఉంది.

ఆఫీసు సికింద్రాబాద్ వైపు అయితే సైనిక్‌పురి, అల్వాల్ చూడండి. పాత కాలనీలు, చెట్లున్న వీధులు, సాయంత్రం పిల్లలు సైకిళ్లు తొక్కగలిగే లోపలి రోడ్లు ఉన్నాయి. మెట్రో లేదు. తూర్పున పోచారంలోనో ఆదిభట్లలోనో పని ఉంటే పడమటికి వెళ్లి రోజూ నగరాన్ని దాటడం అనవసరం. ఉప్పల్, నాగోల్, వనస్థలిపురం సరిపోతాయి. నాగోల్ నుంచి రాయదుర్గానికి, ఎల్బీనగర్ నుంచి మియాపూర్‌కు మెట్రో ఉంది కాబట్టి తల్లిదండ్రుల్లో ఒకరి పని పడమట ఉన్నా గడుస్తుంది. వనస్థలిపురంలో రైతుబజారు, పాత బడులు, పక్కనే హరిణ వనస్థలి పార్కు ఉన్నాయి. ఖరీదైన గేటెడ్ కమ్యూనిటీలో ఉండే ఈతకొలను కంటే, పిల్లల పేర్లు తెలిసిన కిరాణా కొట్టు ఉన్న పాత వీధి నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

ఇల్లు చూసేటప్పుడు

నీళ్ల గురించి ఇంటి ఓనరును అడిగితే “మంజీరా ఉంది, బోరు ఉంది, ఏ ఇబ్బందీ లేదు” అంటారు. మంజీరా అంటే నగర నీటి సరఫరా సంస్థ జలమండలి ఇచ్చే నల్లా నీళ్లు. అవి చాలా చోట్ల రోజు విడిచి రోజు వస్తాయి, మిగతాది బోరు తీర్చాలి. బోరు వేసవిలో ఎండితే ట్యాంకర్లే. కాబట్టి వాచ్‌మన్‌తో మాట్లాడండి. పెద్ద అపార్ట్‌మెంట్లలో ట్యాంకర్ వచ్చినప్పుడల్లా రాసుకునే ఒక పుస్తకం ఉంటుంది. తేదీ, ఎన్ని వేల లీటర్లు, డ్రైవరు సంతకం. అందులో ఏప్రిల్, మే పేజీలు తిప్పండి. వారానికి ఒకటో రెండో అయితే ఫర్వాలేదు. రోజూ రెండు మూడు వరుసలు నిండి ఉంటే వేసవిలో మీ మెయింటెనెన్స్ ఎంత పెరుగుతుందో ఆ పేజీయే చెబుతుంది. పుస్తకం లేని చిన్న అపార్ట్‌మెంట్ అయితే పక్క ఫ్లాట్ ఆవిడను అడగండి, ఓనరు లేనప్పుడు.

వరద విషయంలో మొహమాటం పడకండి. 2016 సెప్టెంబరులో నిజాంపేటలోని భండారీ లేఅవుట్ మునిగింది. 2020 అక్టోబరు వర్షాలకు చెరువుల దిగువనున్న ఎన్నో కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వారి చెరువుల వెబ్‌సైట్‌లో పూర్తి నీటిమట్టం హద్దుల పటాలు ఉన్నాయి, కొనేవారు తప్పకుండా చూడాలి. అద్దెకు దిగేవారికి వీధే చాలా చెబుతుంది. ప్రహరీ గోడల మీద ఒకే ఎత్తులో సాగిన మట్టి చార, అడుగుభాగం మాత్రమే తుప్పు పట్టిన దుకాణాల షట్టర్లు, గుమ్మం ముందు కొత్తగా కట్టిన చిన్న అడ్డుగోడలు కనిపిస్తే ఆ వీధిలోకి నీళ్లు వస్తాయన్నమాట. ఇస్త్రీ బండి అతన్ని అడిగితే ఏ ఇంటిదాకా వచ్చాయో వేలెత్తి చూపిస్తాడు.

పిల్లల ఆటస్థలం చూడటానికి సాయంత్రం అయిదున్నరకు వెళ్లండి. పార్కు ఉండటం వేరు, అందులో పిల్లలు ఉండటం వేరు. మీ పిల్లల ఈడువాళ్లు నలుగురైదుగురు కనిపించారంటే సగం దిగులు తీరినట్టే. బంతి ఆటలు నిషేధమని బోర్డు పెట్టిన అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి, సంతకం పెట్టే ముందే అడగండి. ఈడొచ్చిన ఆడపిల్లలున్న ఇంట్లో బస్‌స్టాప్ నుంచి ఇంటిదాకా వీధి దీపాలు వెలుగుతాయా అన్నది కూడా అంతే ముఖ్యం. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ ఖర్చు లేదు, ఇంటర్‌కు వచ్చాక వాళ్లు సొంతంగా వెళ్లిరావడానికి ఇది పెద్ద ఆసరా.

కొన్నేళ్లుగా తల్లిదండ్రుల సమావేశాల్లో నేను ఎక్కువగా వినే మాట, “మేడమ్, ఇల్లు తీసేసుకున్నాం, ఇప్పుడెలా?” అని. అప్పుడు కూడా దారి ఉంది. అయితే ఆ ఇంటికి దగ్గరున్న బడుల్లో ఉన్నంతలో మంచిది చూసుకుని చేర్చండి. పేరున్న దూరపు బడి కంటే అది ఈ ఏడాదికి మేలు. సొంతంగా ఫ్లాట్ కొనే ఆలోచనను మాత్రం కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేదాకా వాయిదా వేయండి. కొనేటప్పుడు ప్రాజెక్టు వివరాలు తెలంగాణ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో చూసుకోండి.

అద్దె ఒప్పందం మామూలుగా 11 నెలలకు రాస్తారు. జూన్ ఒకటిన దిగితే ఏప్రిల్ నెలాఖరుకు గడువు తీరుతుంది, అప్పటికి పరీక్షలు ముగిసి వేసవి సెలవులు వచ్చేస్తాయి. మధ్యలో ఏ అక్టోబరులోనో దిగేవారు మాత్రం మొదటి ఒప్పందాన్నే ఏప్రిల్ వరకు రాయించుకోండి, లేదా రెండు నెలల ముందు చెప్పి ఖాళీ చేయవచ్చన్న షరతు పెట్టించండి. ఇల్లు మారవలసి వస్తే బడి నడుస్తున్న నెలల్లో కాకుండా సెలవుల్లో మారగలుగుతారు.